సీసం అంత మెత్తన కదా, మరి సన్న తీగ ఎందుకు కాదు?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతూ సాయంత్రాలు చిత్తూరులో మీ మామ బంగారు పని అంగట్లో కూర్చుంటున్నానని రాశావు. బంగారం మెత్తన కాబట్టే అన్ని లోహాల కన్నా బాగా సాగుతుందని క్లాసులో చెప్పారు, అలాగైతే బంగారం కన్నా మెత్తగా ఉండే సీసం ఇంకా సన్నటి తీగ కావాలి కదా అన్నది నీ మొదటి సందేహం. అంగట్లో 22 క్యారెట్ల తీగ కమ్మచ్చులో, అంటే వరుసగా రంధ్రాలున్న ఉక్కు పలకలో, లాగుతుంటే పదే పదే తెగిపోతోంది, కారణం ఏమిటన్నది రెండోది. మొదటిది చదువు ప్రశ్న, రెండోది పని ప్రశ్న అని విడివిడిగా అడిగావు. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. వయసులో చిన్నవాడివి గనుక నువ్వు అనే అంటాను.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్ల పైచిలుకు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా నాయన కంసాలి. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సందులో మా ఇల్లే అంగడి. చిన్నప్పుడు సెలవుల్లో నా పని కమ్మచ్చు దగ్గర తీగ లాగడం. కాబట్టి నీ రెండు ప్రశ్నలూ నాకు బాగా తెలిసినవే.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. కొడితే రేకుగా పరుచుకునే గుణం స్తరణీయత. లాగితే తీగగా సాగే గుణం తాంతవత. తంతువు అంటే దారం, పోగు. ఆ మాటలోంచి వచ్చిందే తాంతవత. పుస్తకంలో ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టి రాయడం వల్ల పిల్లలు కవలలనుకుంటారు. పని దగ్గర చూస్తే ఎంత తేడానో! సుత్తికీ దాకలికీ మధ్య పడిన లోహం నొక్కుడుకు గురవుతుంది. పక్కలకు జరగడం తప్ప దానికి దారి లేదు. లోపల చిన్న పగులు ఉన్నా ఆ నొక్కుడే దాన్ని మూసి పెడుతుంది. లాగుడు అలా కాదు. లోపల ఎక్కడ ఏ లోపం ఉందో వెతికి పట్టుకుని, అక్కడ నోరు తెరిపిస్తుంది. అందుకే రేకయ్యే లోహమల్లా తీగ కాదు.

దీనికి సీసమే పెద్ద సాక్ష్యం. లోహాలను వరుసలో పెట్టిన పాత పట్టికలు రెండున్నాయి. రేకుగా సాగడంలో బంగారం, వెండి, సీసం, రాగి, అల్యూమినియం అని మొదలవుతుంది వరుస. సీసానికి మూడో స్థానం. తీగగా సాగడంలో బంగారం, వెండి, ప్లాటినం, ఇనుము, నికెల్, రాగి, అల్యూమినియం, జింకు, తగరం, చిట్టచివర సీసం. అక్కడ మూడోది ఇక్కడ పదోది అయింది. ఇనుము చూడు, అక్కడ తొమ్మిదో స్థానంలో ఉన్నది ఇక్కడ నాలుగోది. ఈ వరుసలు అన్ని చోట్లా ఒకేలా ఉండవని కూడా గుర్తుపెట్టుకో. ఎంత సన్నటి తీగ తీయగలం అని కొలిస్తే ఒక వరుస వస్తుంది, తెగేలోపు పొడవు ఎంత శాతం పెరిగింది అని కొలిస్తే ఇంకో వరుస వస్తుంది. పరీక్షలో రాయడానికి బంగారం మొదటిదని గుర్తుంటే చాలు గానీ, మిగతా వరుసను కంఠస్థం చేసి లాభం లేదు.

ఇప్పుడు కమ్మచ్చు దగ్గరికి రా. నువ్వు రోజూ చేసే పనే. కడ్డీ కొసను ఆకురాయితో సూదిలా చేసి, మైనం రాసి, రంధ్రంలో దూర్చి, ఇవతలి నుంచి పట్టకారుతో పట్టి లాగుతావు. ఒక్క క్షణం ఆగి ఆ పనిలో ఎవరు ఎవర్ని లాగుతున్నారో చూడు. నువ్వు పట్టుకున్నది అప్పుడే సన్నబడి ఇవతలికొచ్చిన తీగను. అవతల ఉన్నది ఇంకా లావుగా ఉన్న తీగ. అంటే సన్నతీగే లావుతీగను రంధ్రంలోంచి ఈడ్చుకు రావాలి. రెండూ ఒకే లోహం. సన్నది లావుదానికన్నా బలహీనంగా ఉండాలి కదా, మరి ముందు అదే ఎందుకు తెగదు?

రంధ్రంలో నలిగి బయటికొచ్చేసరికి ఆ లోహం గట్టిపడింది కాబట్టి తెగదు. తాంతవతకు అసలు కీలకం ఇదే, క్లాసులో సరిగ్గా చెప్పకుండా వదిలేసేదీ ఇదే. లోహం సులువుగా జరగాలి, జరిగినచోట గట్టిపడాలి. ఈ రెండూ ఉంటేనే తీగ. మెత్తదనం వీటిలో సగం మాత్రమే.

ఇంట్లోనే చూడొచ్చు. మొబైల్ రిపేరు అంగట్లో జానెడు సోల్డర్ తీగ అడుగు, అది మామూలుగా తగరం, సీసం కలిసినది. కరెంటు వైరులోంచి దాదాపు అంతే లావున్న రాగి తీగ ఒకటి తీసుకో. రాగి తీగను గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి చల్లార్చు. ఇప్పుడు రెండింటినీ వంచు. రెండూ మెత్తగానే వంగుతాయి. రాగిని వంచిన చోటే మళ్లీ చక్కగా సాపు చేయడానికి చూడు. కాదు. వంపు అలాగే ఉండి, దాని పక్కన కొత్త వంపు పుడుతుంది. వంగినచోట గట్టిపడింది, పక్కనున్న మెత్తటి భాగం ముందు లొంగిపోయింది. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే వేళ్లకే తెలుస్తుంది ఎంత బిగుసుకుందో. సోల్డర్ తీగను ఎన్నిసార్లు వంచినా మొదటిసారి ఎంత మెత్తనో పదోసారీ అంతే మెత్తన. రెండింటినీ నెమ్మదిగా లాగి కూడా చూడు. సోల్డర్ ఒకచోట సన్నబడిందంటే ఆ చోటే ఇంకా సన్నబడి తెగుతుంది. రాగి మాత్రం ఎక్కడ సన్నబడిందో అక్కడ బిగుసుకుని, సాగే పనిని పక్క భాగానికి ఇస్తుంది. అది పక్కదానికి. అలా తీగ పొడవంతా పంచుకుంటుంది. ఇదంతా అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. సీసం విషం, మరిచిపోవద్దు.

గట్టిపడడం ఎందుకు జరుగుతుందో చెబుతాను. లోహంలో పరమాణువులు వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. సాగడం అంటే ఒక పొర ఇంకో పొర మీద జారడమే. పొర మొత్తం ఒక్కసారిగా జారాలంటే ఎంత బలం కావాలో లెక్కగడితే, నిజంగా లోహం లొంగే బలానికి వందల, వేల రెట్లు వచ్చింది. ఇది చాలాకాలం తేలని చిక్కు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలానీ అనే ముగ్గురు, ఎవరికి వారుగా, ఒకే జవాబు చెప్పారు. పొర అంతా ఒక్కసారి జారదు, పేర్పులో ఉన్న ఒక చిన్న తప్పు వరుస వరుసగా ముందుకు జరుగుతుంది అన్నారు. కల్యాణ మండపంలో పరిచిన పెద్ద జంపఖానాను జానెడు జరపాలంటే కొస పట్టి ఈడిస్తే రాదు. ఒక చివర ముడత పెట్టి ఆ ముడతను కాలితో అవతలి చివరదాకా తోస్తే సులువుగా జరుగుతుంది. లోహంలో ఆ ముడత పేరు డిస్‌లొకేషన్. సాగేకొద్దీ ముడతలు లక్షలూ కోట్లుగా పుట్టి, వేరువేరు దిక్కుల నుంచి వచ్చి ఒకదానికొకటి అడ్డుపడతాయి. చిక్కుపడిన దారంలాగా ఏ ముడతా కదలలేకపోతుంది. అదే గట్టిపడడం. కుంపటిలో కాల్చినప్పుడు పరమాణువులకు కదలిక వచ్చి, ఆ చిక్కంతా పోయి, కొత్త రేణువులు, అంటే లోపల ఒకే పేర్పు ఉన్న చిన్న చిన్న పలుకులు, పుడతాయి. తీగ మళ్లీ మెత్తబడుతుంది. మా నాయనకు ఈ పేర్లేవీ తెలియవు. కానీ తీగ రంధ్రంలో పోయేటప్పుడు పట్టకారుకు తగిలే బిగువును బట్టి, ఇక చాలు కాల్చు అని చెప్పేవాడు. ఆయన మాట ఎప్పుడూ తప్పలేదు.

ఇక సీసం సంగతి. దాని పేర్పు బంగారం పేర్పే. బంగారం, వెండి, రాగి, అల్యూమినియం, ప్లాటినం, నికెల్, సీసం అన్నీ ఒకే తీరున పేర్చినవి. కాబట్టి పొరలు జారడంలో సీసానికి ఏ లోటూ లేదు. లోటు వేడిలో ఉంది. లోహంలో చిక్కు పోయి మెత్తబడాలంటే ఎంత వేడి కావాలన్నది అది కరిగే ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. బంగారం కరిగేది 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం 327 దగ్గర. వీటిని పరమశూన్యం నుంచి లెక్కపెడితే 1337, 600 కెల్విన్. మన తిరుపతి మే నెల ఎండ 42 డిగ్రీలు అనుకో, అది 315 కెల్విన్. అంటే సీసం తన కరిగే స్థానంలో సగం దాటిన వేడిలో ఉంది. బంగారాన్ని అదే నిష్పత్తికి తేవాలంటే దాదాపు 430 డిగ్రీలకు వేడి చేయాలి. మనకు మామూలు గది అనిపించేది సీసానికి ఎప్పుడూ ఆరని కుంపటి. లాగితే గట్టిపడుతుంది, గట్టిపడిన మరుక్షణమే తనంతట తానే మెత్తబడిపోతుంది. రంధ్రం ఇవతలికొచ్చిన సన్నతీగకు లావుతీగను లాగే బలం మిగలదు. ఒక్కో రంధ్రంలో చాలా కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొంతవరకు వస్తుంది గానీ, వెంట్రుకంత తీగ మాత్రం రాదు.

మరి సోల్డర్ తీగ ఎలా వచ్చింది అని అడుగుతావు. దాన్ని ముందు లాగరు, నెడతారు, ఆ తర్వాతే కొద్దికొద్దిగా లాగి సన్నం చేస్తారు. మురుకుల గొట్టంలో పిండి పెట్టి పైనుంచి ఒత్తితే కింద మురుకు దిగుతుందే, అదే పద్ధతి. నెట్టేటప్పుడు బయటికొచ్చిన భాగం మీద ఏ భారమూ లేదు, కాబట్టి అది గట్టిపడాల్సిన అవసరమే లేదు.

ఇక్కడ బంగారం గొప్పతనం చెప్పకుండా ముందుకు పోలేను. ఒక గ్రాము బంగారం నుంచి దాదాపు 2 కిలోమీటర్ల తీగ తీయవచ్చని మీ పుస్తకంలో చదివే ఉంటావు. లెక్క వేసి చూడు. సాంద్రత 19.3, కాబట్టి గ్రాముకు ఘనపరిమాణం ఒక ఘన సెంటీమీటరులో ఇరవయ్యో వంతు. 2 కిలోమీటర్లకు సాగదీస్తే తీగ మందం 6 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త లోపు వస్తుంది, మన తల వెంట్రుకలో పదో వంతు. ఇక రేకు అయితే మైక్రానులో పదో వంతుకు దిగుతుంది. ఆ మందంలో ఒక గ్రాము అర చదరపు మీటరు పరుచుకుంటుంది. అంత పల్చటి రేకును దీపానికి అడ్డం పెట్టి చూస్తే వెలుగు ఆకుపచ్చగా దిగివస్తుంది. మా నాయన ఒకసారి చూపించాడు, ఊపిరి బిగబట్టి చూశాను, ఊపిరి తగిలితే రేకు చుట్టుకుపోతుందని. కొండ మీద ఆనంద నిలయ విమానానికి 1518లో శ్రీకృష్ణదేవరాయలు బంగారు తాపడం చేయించాడు. కింద రాగి రేకు, పైన బంగారం. అంత పెద్ద విమానాన్ని కప్పడం సాధ్యమైంది బంగారం ఇంత పల్చగా పరుచుకోగలదు గనుకనే.

ప్లాటినం కూడా తక్కువది కాదు. 1813లో వొలాస్టన్ అనే శాస్త్రవేత్త ప్లాటినం తీగను వెండి కడ్డీ లోపల పెట్టి రెండింటినీ కలిపి లాగాడు. బాగా సన్నబడ్డాక నత్రికామ్లంలో ముంచితే వెండి కరిగిపోయి, కంటికి సరిగా ఆనని ప్లాటినం తీగ మిగిలింది. కమ్మచ్చులో పట్టకారుకు దొరకనంత సన్నతీగను లావు తొడుగులో దాచి లాగడం! నాకు కెమిస్ట్రీలో అన్నిటికన్నా ఇష్టమైన ఉపాయాల్లో అదొకటి.

అన్ని లోహాలూ బంగారంలాంటి పేర్పు కావు. మార్కెట్లో బత్తాయిలు కుప్ప పోసేది చూశావు కదా. మొదటి వరుస గుంటల్లో రెండో వరుస కూర్చుంటుంది. మూడో వరుసను సరిగ్గా మొదటి వరుస కాయల పైనే పెట్టొచ్చు, లేదా కొంచెం పక్కకు, ఇంకా ఖాళీగా ఉన్న గుంటల పైనా పెట్టొచ్చు. రెండోది బంగారం పద్ధతి, మొదటిది జింకు, మెగ్నీషియం, టైటానియం పద్ధతి. చూడడానికి చిన్న తేడానే. బంగారం పద్ధతిలో పొరలు జారగలిగే దారులు పన్నెండు వస్తాయి. జింకు పద్ధతిలో సులువైన దారులు మూడే, అవీ ఒకే తలంలో. ఆ తలానికి అడ్డంగా లాగితే జారడానికి దారి లేక పగులుతుంది. అందుకే పోత జింకు మామూలు వేడిలో పెళుసు. 100 నుంచి 150 డిగ్రీల మధ్యకు వేడి చేస్తే ఇంకొన్ని దారులు తెరుచుకుని చక్కగా రేకవుతుంది, తీగవుతుంది. ఇంకా వేడెక్కి 200 దాటితే మళ్లీ పెళుసెక్కుతుంది! లోహం లోపల రేణువులుంటాయని పుస్తకంలో చదివి నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లో జింకు పూత పూసిన పాత బకెట్ చూడు. దాని మీద మంచుపువ్వుల్లాంటి మచ్చలు కనిపిస్తాయే, ఒక్కో మచ్చా ఒక్కో జింకు రేణువు.

టంగ్‌స్టన్‌ది ఇంకో కథ. 3422 డిగ్రీలదాకా కరగదు కాబట్టి బల్బులో తీగకు అంతకన్నా మంచిది లేదు. కానీ మామూలు వేడిలో గాజులాగా విరిగేది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ ఏళ్ల తరబడి దాని మీదే కూర్చుని, 1910 ప్రాంతానికి సాగే టంగ్‌స్టన్ సాధించాడు. బాగా వేడిలో మొదలుపెట్టి, కొట్టి లాగుతూ, దశదశకూ వేడి తగ్గిస్తూ పోయాడు. మన బంగారం పని చేసేకొద్దీ బిగుసుకుంటుంది. టంగ్‌స్టన్ రేణువులు అలా పీచులా సాగేకొద్దీ పెళుసుతనం పోయి వంగడం నేర్చుకుంది.

మన ప్రాంతంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో నీటి పైపులు పోత పోస్తారు, వాటిని డక్టైల్ ఐరన్ పైపులంటారు. డక్టైల్ అంటే సాగేది, పేరులోనే తాంతవత ఉంది. మామూలు పోత ఇనుములో కార్బన్ చిన్న చిన్న రేకుల్లా ఉంటుంది. ఒక్కో రేకు అంచూ ఒక పగులు మొదలయ్యే చోటు. అందుకే పాత పోత ఇనుప పైపు మీద లారీ ఎక్కితే పగిలేది. 1943లో కీత్ మిల్లిస్ అనే అమెరికా ఇంజినీరు కరిగిన ఇనుములో కొంచెం మెగ్నీషియం వేస్తే కార్బన్ రేకులు పోయి గుండ్రటి బంతులవుతాయని కనిపెట్టాడు. కార్బన్ అంతే ఉంది, దాని ఆకారం మారింది, పగులు మొదలవడానికి పదునైన అంచు లేదు. లోపల కొద్దిపాటి పదార్థం ఎంత ఉంది అనేదే కాదు, ఎక్కడ, ఏ ఆకారంలో కూర్చుంది అనేది సాగుదలను తేలుస్తుంది. నీ అంగడి ప్రశ్నకు వచ్చేముందు ఈ ముక్క మనసులో పెట్టుకో.

నేను ఇంటర్ చదివేటప్పుడు జరిగిన సంగతి ఇది. పెళ్లికి గొలుసు చేయాలని ఒక ఇంటివాళ్లు పాత నగలు తెచ్చిచ్చారు. వాటిలో ఒక పాత కాసులపేరు లోపలి వైపు ఎవరో ఎప్పుడో సోల్డర్‌తో అతుకు పెట్టి ఉన్నారు. మేము చూసుకోలేదు. అన్నీ ఒకే మూసలో వేసి కరిగించాం. కడ్డీ పోత చక్కగా వచ్చింది, రంగులో తేడా లేదు, తూకంలో తేడా లేదు. నాయన దాకలి మీద పెట్టి మొదటి దెబ్బ వేశాడు. అంచు మీద సన్నటి గీత. రెండో దెబ్బకు కడ్డీ రెండు ముక్కలైంది. విరిగిన ముఖం కలకండ విరిచినట్టు పలుకులు పలుకులుగా మెరుస్తోంది. బంగారం విరగడం అప్పటిదాకా నేను చూడలేదు. నాయన ఏమీ మాట్లాడలేదు, ఆ ముక్కను ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత వెండి కలిపి, నత్రికామ్లంలో ఉడికించి, శుద్ధి చేసి, మళ్లీ రాగీ వెండీ కలిపి కడ్డీ పోయడానికి మూడు రోజులు పట్టింది. పెళ్లివాళ్లకు ఆ మూడు రోజులూ టెన్షన్, మాకూ టెన్షనే.

అందులో ఉన్న సీసం వెయ్యిలో ఒక వంతు కూడా అయి ఉండదు. కరిగినప్పుడు కలిసినా, గడ్డకట్టిన బంగారంలో సీసం ఇమడదు. బంగారం ముందు గడ్డకడుతుంది, సీసం బంగారంతో కలిసి 200 డిగ్రీల చిల్లరకే కరిగే మిశ్రమంగా మిగిలి, చివరికి రేణువుకూ రేణువుకూ మధ్య పల్చటి పొరలా చేరుతుంది. ఇటుకలు ఎంత గట్టివైతేనేం, మధ్యలో సిమెంటుకు బదులు పిండి పెట్టి కట్టిన గోడ అది. బిస్మత్ కూడా ఇదే పని చేస్తుంది.

ఇప్పుడు నీ తీగ. తెగిన కొసను భూతద్దం కింద పెట్టి చూడు. చాలామంది అది చూడకుండానే రంధ్రాన్నో కమ్మచ్చునో తిడతారు. కొస సూదిలా సన్నబడి తెగితే లోహంలో దోషం లేదు, నువ్వు ఒక్కసారిగా ఎక్కువ తగ్గించావు. 1 మిల్లీమీటరు తీగను 0.9 రంధ్రంలో లాగితే అడ్డుకోత వైశాల్యం 19 శాతం తగ్గుతుంది. తొందరపడి మధ్య రంధ్రం వదిలేసి 0.8లో పెడితే 36 శాతం. వేలికి రంధ్రాల తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ తీగకు భారం దాదాపు రెట్టింపు. అస్సలు గట్టిపడని లోహానికి, రాపిడే లేదనుకున్నా, ఒక్క లాగుడులో 63 శాతానికి మించి తగ్గించడం లెక్కప్రకారమే కుదరదు. నిజం పనిలో రాపిడి ఉంటుంది కాబట్టి 20 శాతం దగ్గర ఉండడం క్షేమం. మైనం ప్రతి రంధ్రానికీ రాయాలి.

కొస చదునుగా, పలుకులుగా ఉంటే సీసమో అలాంటిదో చేరిందని అర్థం. దాన్ని ఎంత కాల్చినా బాగుపడదు, శుద్ధే దారి. మీ అంగట్లో ఆకురాయి పొడి, పాత నగలు, అతుకు ముక్కలు ఒకే డబ్బాలో పడుతున్నాయేమో చూడు. కొసలో మధ్యన గిన్నెలా గుంట ఉండి, అవతలి ముక్క కొస దానికి సరిపోయేలా మొనదేలి ఉంటే, తీగ గుండెలో పగులు ఉంది. పైపైన మాత్రమే నలిపే చిన్న చిన్న తగ్గింపులు, రంధ్రం కోణం సరిగా లేకపోవడం దీనికి కారణాలు. తీగ పొడవునా చీలిక కనిపిస్తే పోతలోనే మడత పడింది, ఆ కడ్డీని మళ్లీ కరిగించాల్సిందే.

ఇవేవీ కాకుండా మూడు నాలుగు రంధ్రాల తర్వాత టప్పుమని తెగుతుంటే కాల్చే వేళ దాటిపోయింది. 4 మిల్లీమీటర్ల కడ్డీని 1 మిల్లీమీటరుకు తెస్తే పొడవు పదహారు రెట్లు అవుతుంది. ఆ దారిలో రెండు మూడుసార్లయినా కాల్చాలి. 22 క్యారెట్లలో 8.4 శాతం వేరే లోహం ఉంటుంది. అందులో వెండి ఎంత, రాగి ఎంత అని మీ మామను అడుగు. వెండి పరమాణువు బంగారం అంతే ఉంటుంది, పేర్పులో ఇట్టే ఇమిడిపోతుంది. రాగి పరమాణువు చిన్నది, ఇమడక చుట్టూ ఉన్న వరుసలను వంకర చేస్తుంది, ముడతలు కదలకుండా అడ్డుపడుతుంది. అందుకే రాగి ఎక్కువ కలిపిన ఎర్రబంగారం తొందరగా బిగుసుకుంటుంది, దాన్ని మరీ తరచుగా కాల్చాలి. 18 క్యారెట్ల రోజ్ గోల్డ్ పని వస్తే ఇంకో జాగ్రత్త. కాల్చాక నెమ్మదిగా చల్లారనిస్తే దాదాపు 400 డిగ్రీల కింద బంగారం, రాగి పరమాణువులు ఒక పొర ఇది, ఒక పొర అది అని వరుసకట్టి కూర్చుంటాయి. తీగ కర్రలా బిగుస్తుంది. ఎర్రదనం తగ్గగానే నీళ్లలో ముంచేయాలి.

కాల్చేటప్పుడు కుంపటిని ఎండలో పెట్టుకోవద్దు. వెలుతురులో ఎరుపు కంటికి తెలియదు, తెలిసేసరికి మితిమీరిపోయి ఉంటుంది. మసక చోట చూస్తే ముదురు ఎరుపు కనిపించగానే తీసేయాలి, అది 600 డిగ్రీల పైచిలుకు. ఎక్కువసేపు ఉంచితే రేణువులు పెద్దవై, వంచినప్పుడు తీగ పైభాగం బత్తాయి తొక్కలా గరుకుగా లేస్తుంది. అది చూడగానే తెలిసిపోతుంది.

మీ క్లాసు ప్రశ్నలో ఇంకో చిన్న ముక్క మిగిలింది, గట్టిదనం సంగతి. గట్టిగా ఉండడం వేరు, పెళుసుగా ఉండడం వేరు. వజ్రాన్ని గీయడానికి ఇంకో వజ్రమే కావాలి, కానీ సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. అందులో ప్రతి పరమాణువూ నలుగురు పొరుగువాళ్లను నిర్ణీత దిక్కుల్లోనే పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు వదిలితే మళ్లీ అతకదు. లోహంలో ఎలక్ట్రాన్లు ఎవరి సొత్తూ కాదు, అందరి మధ్యా తిరుగుతుంటాయి. పొర జారినా కొత్త పొరుగువాళ్లతో బంధం అలాగే ఉంటుంది. కుప్పం దగ్గర చిగురుగుంట గనిలోలాగా బంగారం తెల్లరాతిలో నలుసులుగా ఉండే చోట, ఆ రాయిని మిల్లులో వేసి దంచితే రాయి పొడి అవుతుంది, అందులోని బంగారు నలుసు మాత్రం చదునై రేకులా బయటపడుతుంది. ఒకే మిల్లు, ఒకే దెబ్బ.

ఈసారి తీగ తెగినప్పుడు రెండు కొసలూ పారేయకుండా కాగితంలో చుట్టి పెట్టు. ఫోను కెమెరాకు భూతద్దం అడ్డం పెట్టి ఫొటో తీసి ఇక్కడే పెట్టు. పక్కనే ఆ తీగను ఏ మందం నుంచి ఏ మందానికి తెచ్చావో, మధ్యలో ఎన్నిసార్లు కాల్చావో, కడ్డీలో పాత నగలు ఏమైనా కలిశాయో రాయి. చూసి చెబుతాను.